ఎవరి మాట మీద

బకెట్టు సగం దూరం వెళ్ళి, గోడలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వకు తగులుకుని ఆగిపోయింది.

"లాగకండి అత్తయ్యా! ఫ్లాస్కు ఒలికిపోతుంది. కాస్త తాడు వదలండి," అంది కోడలు మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తూ.

"నాకు నేర్పక్కర్లేదు. నాలుగు రోజుల్నుంచీ ఇదే పని. ఇంకో వారం ఆగితే బావి దగ్గర ఉద్యోగం ఇస్తారు నాకు," అంది పైనుంచి అత్తగారు.

తాడు వదులైంది. బకెట్టు చువ్వను తప్పించుకుని మళ్ళీ పైకి నడిచింది. అందులో కాఫీ ఫ్లాస్కు, రొట్టె పొట్లం, మోకాలి నొప్పి మాత్రలు, ఆ రోజు పేపరు ఉన్నాయి.

మంగళవారం పొద్దుటి దాకా అక్కడ మెట్లుండేవి. అవి మరీ నిటారుగా ఉన్నాయని, అత్తగారి మోకాలికి తగ్గట్టు పొట్టి మెట్లు వేయించి పక్కన కమ్మీ పెట్టిద్దామని ఇంట్లో అందరూ కలిసి అనుకున్న పనే. "దుమ్ము లేస్తుంది, మీరు పైనే ఉండండమ్మా. సాయంత్రానికి చెక్క మెట్లు వేసి మహారాణిలా దించుతా," అన్నాడు, అందరూ నవ్వుల మేస్త్రీ అని పిలిచే మనిషి. ఒక్క పూటలో పాతవన్నీ పగలగొట్టించాడు. తర్వాత నవ్వుతూనే పనివాళ్ళను బండెక్కించుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఎప్పుడు ఫోన్ చేసినా అదే నవ్వు, అదే మాట. "రేపు."

పక్క వీధి పెయింటరు దగ్గర అడిగి తెచ్చిన నిచ్చెనను భుజాన వేసుకుని కోడలి భర్త లోపలికొచ్చాడు. తన మందుల షాపు తెరిచే వేళ దాటిపోతోంది. చొక్కా అప్పుడే చెమటకు తడిసింది.

"అమ్మా, ఇవాళ దిగుతున్నావ్. నేను కింద పట్టుకుంటాను. నువ్వు వెనక్కి తిరిగి ఒక్కొక్క కాలూ పెట్టు చాలు," అన్నాడు నిచ్చెన ఆనిస్తూ.

"నేను దిగను."

"ఫైరింజను వాళ్ళని పిలవమంటావా?"

"పిలువు. నాకేం నిప్పంటుకోలేదని చెప్పి పంపించేస్తా."

"అమ్మా!"

"అరవకు. మెట్లు కట్టిస్తామన్నారు, మెట్లు కట్టించండి. మనిషిలా నడిచి దిగుతా. బల్లిలా పాక్కుంటూ దిగను."

అతను నిచ్చెనను వదిలేసి భార్య వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు గానీ, తగ్గించిన ఆ గొంతే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"చూశావుగా. ఇదంతా నీ ఆఫీసు వాడి నిర్వాకమే కదా."

ఆమెది పనివాళ్ళను కుదిర్చే ఆఫీసులో మూడేళ్ళుగా ఉద్యోగం. ఇల్లు కట్టుకునేవాళ్ళకూ బాగు చేయించుకునేవాళ్ళకూ నమ్మకమైన మేస్త్రీని చూపించడం ఆ ఆఫీసు వ్యాపారం. పని పూర్తయ్యాక ఆ ఇళ్ళకు ఫోన్ చేసి, "ఎలా చేశాడండీ?" అని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టడం ఆమె కొలువు. అందుకే మేస్త్రీలంతా ఆమెను ఫోనమ్మ అంటారు. "మా దగ్గర అందరి చరిత్రా ఉంటుంది, బోర్డు మీద అందరికంటే పైన ఉన్నవాణ్ణే తెద్దాం," అని ఇంట్లో అన్నది తనే.

భర్త షాపుకు వెళ్ళిపోయాడు. ఆమె నిచ్చెనను తీసి గోడకు అడ్డంగా పడుకోబెట్టింది.

"అమ్మాయ్," అంది పైనుంచి అత్తగారు. ఈసారి గొంతులో పెంకితనం లేదు. "వాడు వెళ్ళాడా?"

"వెళ్ళారత్తయ్యా."

"నాకు నిచ్చెనంటే భయమే. మొన్న ఎవరూ లేనప్పుడు అంచు దాకా వచ్చి చూశా. కళ్ళు తిరిగాయి. వాడికి చెప్పకు."

"చెప్పను."

"చెప్తే వాడు నన్ను మూట గట్టి దించుతాడు. ముప్ఫై రెండేళ్ళు నర్సుగా చేసినదాన్ని. ఎంతమందిని స్ట్రెచర్ మీద మోయించానో లెక్కలేదు. నన్నెవరూ మోయకూడదు."

కోడలు తల ఊపింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో అత్తగారు తనతో ఒక రహస్యం చెప్పడం ఇదే మొదటిసారి. దానికి మధ్యలో పదకొండు అడుగుల ఖాళీ కావలసొచ్చింది.

*

ఆఫీసులో గోడంతా బోర్డే. మేస్త్రీల ఫోటోలు, ఫోటోల కింద అతికించిన నక్షత్రాలు. అన్నింటికంటే పైన నవ్వుల మేస్త్రీ. ఫోటోలో కూడా ముప్ఫై రెండు పళ్ళూ కనిపించేలా నవ్వుతున్నాడు.

ఆమె సంచీ కూడా దించకుండా కంప్యూటరు ముందు కూర్చుని అతని పేజీ తెరిచింది. రోజూ కొత్త ఫోన్లు చేసి కొత్తవి రాయడమే తప్ప, పాతవి వెనక్కి తిరిగి చదివే పని ఆమెకు ఎప్పుడూ పడలేదు.

పద్నాలుగు ఇళ్ళు. పద్నాలుగింటి ఎదురుగా ఒకటే మాట. "పని తృప్తికరం." ఫోన్ చేసినవారు అన్నచోట పద్నాలుగుసార్లూ ఆమె పేరే.



నాలుగో ఇల్లు ఆమెకు గుర్తుంది. రిటైరైన డ్రాయింగు మాస్టారు. స్నానాల గది నేల వాలు తలకిందులుగా వేశాడని చెప్పాడాయన. "నీళ్ళు తూము వైపు పోవమ్మా, మా మంచం కిందికొస్తాయి. పొద్దున్నే లేచేసరికి నా చెప్పులు గుమ్మం దాకా ఈదుకుంటూ వచ్చి ఉంటాయి," అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసింది. తొమ్మిదో ఇల్లూ గుర్తుంది. బాల్కనీ కమ్మీ చేతిలోకి ఊడొచ్చిందని చెప్తూ ఆ ఇల్లాలు మధ్యలో మాట రాక ఆగిపోయింది. ఆమె ఆగిన సంగతి కూడా రాసింది.

ఇప్పుడు రెండూ తృప్తికరం.

యజమాని గది తలుపు తట్టకుండానే తోసింది. ఆయన టీ తాగుతున్నాడు. గొంతెత్తి ఎరగని మనిషి. పనివాళ్ళందరికీ ఆయనంటే అందుకే హడలు.

"నేను రాసినవి ఎవరు మార్చారు సార్?"

"కూర్చో అమ్మా."

"డ్రాయింగు మాస్టారి మాటలు ఎక్కడికి పోయాయి?"

"మార్చలేదు, సర్దాం. ఏడుపులన్నీ రాసిపెడితే కొత్తగా వచ్చేవాళ్ళు బెదిరిపోరూ? పని అన్నాక చిన్నా చితకా ఉంటాయి. ఆ మేస్త్రీ మనకు నెలనెలా అందరికంటే ఎక్కువ కడతాడు. వాడు కట్టేది నీ జీతంలో కూడా ఉంది."

"మా ఇంట్లో మెట్లు లేవు సార్. మా అత్తగారు నాలుగు రోజులుగా పైనే ఉన్నారు."

"అయ్యో, తెలుసమ్మా. నేను మాత్రం మనిషిని కానా?" ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద ఆమె వైపు జరిపాడు. "రేపు పొద్దున్నే వేరే మేస్త్రీని, ఆరుగురు మనుషుల్ని పంపిస్తాను. ఖర్చంతా ఆఫీసుదే. నాలుగు రోజుల్లో మీ అత్తగారు కొత్త మెట్ల మీద దిగుతారు. ఇది ఒక్కటి సంతకం చేసి తీసుకురా."

నవ్వుల మేస్త్రీ పని పూర్తి చేశాడనీ, ఇంటివాళ్ళకు తృప్తిగా ఉందనీ రాసి ఉంది.

"ఇంకొకటి," అన్నాడాయన ఏమీ జరగనట్టు. "కుట్టు కేంద్రం ఆవిడకు ఫోన్ చెయ్. మేడ మీదికి మెట్లు తీసి కొత్తవి వేయించుకుంటుందట. సోమవారం మన నవ్వులవాడే మొదలుపెడతాడు. నాలుగు ఆఫీసులు వాకబు చేసి మన దగ్గరికొచ్చింది, ఇంకా అటూ ఇటూ ఊగుతోంది. నువ్వు చెప్తే నమ్ముతుంది. నీ గొంతులో ఏదో ఉందమ్మా."

మూడేళ్ళుగా ఈ మనిషి కొనుక్కున్నది తన గొంతునన్నమాట.

"నేను ఆ ఫోన్ చెయ్యను సార్."

"తొందరపడకు. ఇంటికెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడు."

ఆమె కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. బయటికొచ్చాక, తన బల్ల మీదున్న కుట్టు కేంద్రం నంబరును పెన్నుతో అరచేతి మీద రాసుకుంది.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆడపడుచు వచ్చి కూర్చుని ఉంది. తల్లిని చూడ్డానికొచ్చి, అరగంటగా హాల్లో నిలబడి పైకి చూస్తూ మాట్లాడి మెడ పట్టేసిందట. మెడ మీద వేడినీళ్ళ సంచీ పెట్టుకుంది.

కాగితం సంగతి విన్నాక అన్నాచెల్లెళ్ళిద్దరి మొహాలూ ఒకేసారి వెలిగాయి.

"ఇంకేం మరి? పెట్టెయ్," అన్నాడు భర్త.

"పెట్టనండీ."

ఆడపడుచు సంచీ తీసి పక్కన పెట్టింది. "వదినా, ఒక్క సంతకం. అమ్మ రేపటి నుంచి ఇంకో నాలుగు రోజుల్లో కిందికొస్తుంది. పెట్టకపోతే ఎప్పుడొస్తుందో నీకు తెలుసా?"

"తెలీదు."

"తెలీకుండానే మొండికేస్తున్నావా? ఇంకొకళ్ళ మెట్లెలా పోతే మనకేం?"

"ఆ కుట్టు కేంద్రంలో పన్నెండు మంది ఆడవాళ్ళు పైనే కూర్చుని కుడతారు. వాళ్ళకి ఆ మిషన్లే బతుకు. సోమవారం వీడు మెట్లు పగలగొట్టి నవ్వుతూ వెళ్ళిపోతే?"

"వాళ్ళు మనకు చుట్టాలా?"

"డ్రాయింగు మాస్టారి మాటలు నేను రాసినట్టే ఉంచి ఉంటే, మనం కూడా వీణ్ణి గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళం కాదు. ఆయన మనకేం చుట్టం?"

ఆడపడుచు అన్న వైపు చూసింది.

అతను కుర్చీ ఈడ్చుకుని భార్య ఎదురుగా కూర్చున్నాడు. "ఉద్యోగం పోతుంది. ఇంకో చోట కూడా చేరనివ్వడు మీ సారు. ఆయన నవ్వుతూ గోతులు తవ్వే రకం. నువ్వే చెప్పేదానివి కదా."

"చెప్పేదాన్ని. చెప్తూనే అక్కడ పనిచేశాను. అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది."

"అమ్మ కంటే ఎక్కువా నీ సిగ్గు?"

ఎక్కువ కాదు. అది అతనికీ తెలుసు. తెలిసే అడిగాడు.

పైనుంచి దగ్గు వినిపించింది.

"నన్ను అడ్డం పెట్టుకుని పోట్లాడుకుంటున్నారు. నన్నొక్క మాట అడిగారా?" అంది అత్తగారు. కుర్చీని అంచుకు రెండడుగుల దూరంలో వేసుకుని కూర్చుంది. కింద ఉన్నవాళ్ళకు ఆవిడ తలే కనిపిస్తోంది. "నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒకసారి ఇవ్వని సూది ఇచ్చానని సంతకం పెట్టా."

ముగ్గురూ పైకి చూశారు. ఇది ఎవరూ వినని కథ.

"పెద్ద డాక్టరు పెట్టమన్నాడు. మందు ఆ రోజు లేదు. ఆయన పరువు పోతుందట. పెట్టా. రోగి బతికాడు, వాళ్ళావిడ నాకు దండం కూడా పెట్టి వెళ్ళింది. ఏం కాలేదు. ఇరవై ఆరేళ్ళయింది. ఆ కాగితం రంగు నాకింకా గుర్తుంది. గులాబీ రంగు."

"అది వేరు, ఇది వేరమ్మా," అన్నాడు కొడుకు మెల్లిగా.

"ఏం వేరు? నేను దిగిన మెట్టు మెట్టుకీ ఆ అమ్మాయి సంతకం తొక్కుతూ దిగాలా? నాకొద్దు. నేనిక్కడ బాగానే ఉన్నా. గాలొస్తోంది."

"ఎన్నాళ్ళుంటావ్?"

"మీ నాన్నతో నలభై ఏళ్ళున్నా. దీనికంటే కష్టమా?"

ఆడపడుచుకు నవ్వాగలేదు. నవ్వితే మెడ పట్టి "అబ్బా" అంది. అతను నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, గ్లాసు నిండినా ఆపకుండా నిలబడ్డాడు.

కోడలు కొంగుకు చెయ్యి తుడుచుకోబోయి ఆగింది. అరచేతిలో అంకెలు అప్పుడే చెమటకు అలుక్కుపోతున్నాయి. ఫోన్ తీసి, అందరూ వింటుండగానే నొక్కింది.

అటునుంచి మిషన్ల చప్పుడు, వాటి మధ్య ఒక కరుకు గొంతు. "ఎవరండీ?"

ఆమె తనెవరో చెప్పింది. మెట్ల పనికి కుదిర్చిన మేస్త్రీని వద్దనుకోమని చెప్పింది.

అటువైపు మిషన్ ఒక్కటి ఆగింది. "మీరేనా? అరగంట క్రితం మీ సారే చేశారు. ఆఫీసులో ఒకమ్మాయి ఇంటి గొడవలతో మనసు బాగోక ఏదో ఒకటి మాట్లాడుతోంది, ఫోన్ చేస్తే పట్టించుకోవద్దన్నారు. ఆయనేమో పెద్దమనిషిలా మాట్లాడారు. మీరేమో మేస్త్రీని వద్దంటున్నారు. నేనెవర్ని నమ్మాలమ్మా?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే మాట స్పష్టంగా వచ్చింది.

"ఇద్దర్నీ నమ్మకండి. మా ఇంటి అడ్రసు రాసుకోండి. రేపు వచ్చి మీ కళ్ళతో చూడండి."

"రమ్మను, రమ్మను," అంది పైనుంచి అత్తగారు. "నేను ఇంట్లోనే ఉంటా."

*

శనివారం తొమ్మిది కొట్టకముందే కుట్టు కేంద్రం టైలరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, మెడలో కొలత టేపు. చెప్పులు గుమ్మంలో విడిచి, పలకరింపులు కూడా లేకుండా నేరుగా హాల్లోకి నడిచింది. విరిగిన అంచును, వంకర్లు తిరిగిన చువ్వలను, మూలన ఎవరూ ఎత్తని ఇటుక ముక్కలను చూసింది. తర్వాత నిచ్చెనను తనే లేపి నిలబెట్టింది.

"పట్టుకుంటారా అన్నా?" అంది ఇంటాయనతో.

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత వచ్చి రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆమె అంచు అందేదాకా ఎక్కి, దిగుతూ టేపును మూడుసార్లు మార్చి పెట్టి నేల దాకా కొలిచింది. "పదకొండడుగుల రెండంగుళాలు," అంది. పైన కుర్చీలో కూర్చున్న ఆవిడను తలెత్తి చూసింది. "పెద్దమ్మా, ఎన్ని రోజులైంది?"

"ఇవాళ్టికి అయిదు."

"ఎలా చేశాడు మేస్త్రీ?"

"చూస్తున్నావుగా. పగలగొట్టడంలో మటుకు వంక పెట్టలేం."

టైలరమ్మ నవ్వలేదు. టేపు చుట్టి మళ్ళీ మెడలో వేసుకుని కోడలికి ఎదురుగా నిలబడింది.

"సరే, వాడొద్దు. మీ ఆఫీసూ వద్దు. కానీ మెట్లు నాకు కావాలి. పాతవి బీటలిచ్చాయి, మా పిల్లలు రోజూ గుండె చేతిలో పెట్టుకుని ఎక్కుతున్నారు. నాలుగు ఆఫీసులు తిరిగా. అందరి బోర్డుల మీదా నక్షత్రాలే, ఆకాశంలో కూడా అన్ని లేవు. మీరు మూడేళ్ళు ఊరంతా ఫోన్లు చేసి విన్నారు. ఆఫీసు మాట కాదు, మీ మాట మీద ఎవర్ని పెట్టుకోమంటారు?"

ఒకణ్ణి వద్దనడం కోడలికి ఇంత కష్టం కాలేదు. ఒకణ్ణి పెట్టుకోమని చెప్తే, రేపు ఏ మెట్టు విరిగినా ఆ పాపం నేరుగా తనదే. బోర్డు చాటున దాక్కోవడానికి లేదు. కొన్నాళ్ళ క్రితం ఇదే ఇంట్లో ఇలాగే ఒక పేరు చెప్పింది.

"చెప్పవే," అంది అత్తగారు పైనుంచి. "నా సంగతి చూసి జడవకు."

"ఒకాయన ఉన్నాడు," అంది ఆమె చివరికి. "బోర్డులో అందరికంటే కింద ఉంటాడు. ముక్కోపి. మధ్యలో డిజైను మార్చమంటే తాపీ విసిరేసి వెళ్ళిపోతాడు, మర్నాడు మళ్ళీ వస్తాడు. ఆయన చేసిన ఇళ్ళకు పంతొమ్మిదిసార్లు ఫోన్ చేశా. ఆలస్యం చేశాడని తిట్టారు, కసిరాడని తిట్టారు. పని బాగోలేదని ఒక్కరూ అనలేదు. ఒకావిడైతే, 'మెట్లా? బాగానే ఉన్నట్టున్నాయి, వాటి సంగతే మర్చిపోయాం,' అంది."

టైలరమ్మ కళ్ళు మొదటిసారి మెత్తబడ్డాయి. "మర్చిపోయే మెట్లే కావాలి నాకు. నంబరివ్వండి."

"ముందు నంబరివ్వను. మూడు ఇళ్ళ అడ్రసులిస్తా. తలుపు తట్టి అడుగుదాం. ఎక్కి దిగి చూద్దాం. నేనూ వస్తా. ఆ తర్వాతే నంబరు. నా మాట మీదే వెళ్ళిపోతే, రేపు నాకూ ఆ సారుకీ తేడా ఏముంటుంది?"

టైలరమ్మ ఆమెను పైనుంచి కింది దాకా, గుడ్డ నాణ్యం చూసినట్టు చూసింది. సంచీలోంచి ఒక చిన్న పుస్తకం తీసి చేతికిచ్చింది. "రాయండి."

అప్పుడే లోపల ఫోన్ మోగింది. నిచ్చెన వదిలి వెళ్ళిన భర్త తిరిగొచ్చాడు. ఫోనును గుండెకు అదిమిపట్టుకున్నాడు. అవతలివాళ్ళకు వినపడకుండా పెదాలతోనే మాట్లాడినట్టు చెప్పాడు.

"మీ సారు. ఆరుగురు మనుషులతో మన వీధి మొదట్లోనే ఉన్నాడట. కాగితం సంతకం అయితే లోపలికొస్తారు. లేకపోతే అటునుంచి అటే వెళ్ళిపోతారు, నువ్వు కూడా ఇంక ఆఫీసుకు రావక్కర్లేదంటున్నాడు. ఇప్పుడే చెప్పాలట. లైన్లోనే ఉన్నాడు."

పైన కుర్చీ కిర్రుమంది. అత్తగారు లేచి నిలబడింది. ఆవిడ చెయ్యి గోడను తడుముకుంటూ, పట్టు దొరికిన చోట ఆగింది. అంచుకు అంత దగ్గరగా ఆవిడ రావడం కోడలు ఎప్పుడూ చూడలేదు.

అందరూ తన వైపే చూస్తున్నారు. ఆమె సంతకం లేని కాగితాన్ని సంచీలోనే వదిలేసి, పుస్తకం మీద మొదటి అడ్రసు వీధి పేరు పూర్తి చేసి, ఇంటి నంబరు వేసింది.

"ఉండమనండి," అంది తలెత్తకుండా. "రాసుకుంటున్నాను."